అమ్మ మాటలు, ఆపిల్ ఫ్లాపీలు

మీ ఇంట్లో అటక మీద, పెళ్లినాటి ట్రంకుపెట్టెలోనో, పిల్లల పాత పుస్తకాల అట్టపెట్టె అడుగునో ఫ్లాపీలు ఏమైనా మిగిలి వున్నాయేమో ఓసారి చూడండి. అరచేతంత వుండి, ఒక అంచున జరిగే రేకు తలుపు వున్న నల్ల బిళ్లలు. ఈ తరం పిల్లలకి చూపిస్తే "కంప్యూటర్లో సేవ్ బొమ్మ కదా ఇది, దీన్ని ఎవరు తయారుచేశారు?" అని అడుగుతారు. దొరికితే మటుకు పారెయ్యకండి. పెట్టీ పెట్టగానే కంప్యూటరు అడిగే ఒక ప్రశ్నకి తొందరపడి "ఎస్" అని కూడా అనకండి. ఆ ప్రశ్న ఏమిటో, అది మా ఇంట్లో ఎంత పని చేయబోయిందో చెబుతాను.

ఇప్పుడు ఫోనులో ఫోటో తీసి అమెరికా పంపించడానికి అరనిమిషం చాలు. అవతలి వాళ్లది ఏ కంపెనీ ఫోనని మనం అడగం కూడా. ముప్పయ్యేళ్ల కిందట అలా కాదు. కంప్యూటర్ల లోకంలో ఎవరి కుంపటి వారిదే. 1984లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పథకం పెట్టి కొన్ని బడులకి కంప్యూటర్లు ఇచ్చింది. అవి ఇంగ్లాండులో పుట్టిన బి.బి.సి. మైక్రోలు. ఆఫీసుల్లో చూస్తే ఐ.బి.ఎం. పద్ధతి పీసీలు. రంగుల అచ్చుపని చేసేవాళ్ల దగ్గర ఆపిల్ వాళ్ల మెకింతోష్‌లు. ఫ్లాపీ మాత్రం పైకి ఒకేలా వుండేది. ఒకే కొట్లో, ఒకే డబ్బాలోంచి తీసిన ఫ్లాపీ అయినా సరే, ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో చదవమంటే మొండికేసేది. మన స్టీలు డబ్బాల మూతలు చూడండి, చూపుకి అన్నీ ఒకే సైజు, బిగించబోతే ఏదీ దేనికీ పట్టి చావదు. ఫ్లాపీది ఇంకా అన్యాయం. పట్టడం చక్కగా పడుతుంది, లోపలికి పోతుంది, "టక్" మని కూర్చుంటుంది కూడా. చదవడమే చదవదు.

మా ఇంటికి కంప్యూటరు వచ్చింది 1995లో. అప్పుడు సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్లం. నేను డి.టి.పి. నేర్చుకుని ఇంట్లోనే శుభలేఖలు, కరపత్రాలు, ఏలూరు రోడ్డు పబ్లిషర్ల పుస్తకాల పేజీలు కంపోజు చేసి ఇచ్చేదాన్ని. తెలుగు పుస్తకాలకి బెజవాడ పుట్టిల్లు లాంటిది కదా, పనికి కరువుండేది కాదు. వంటింట్లో కుక్కరు, పక్కగదిలో పేజ్‌మేకరు. మూడు కూతలు వచ్చేలోపు ఒక పేజీ దిద్దేదాన్ని.

మొదటి తంటా ఆ పనిలోనే వచ్చింది. నాకు పనిచ్చే ఒక ప్రెస్సులో పాత కంప్యూటరుండేది. దానికి అయిదుంపావు అంగుళాల మెత్తటి ఫ్లాపీలు, 360 కె.బి.వి. నా దాంట్లోనూ అయిదుంపావు అంగుళాల డ్రైవుంది, అది 1.2 ఎం.బి.ది. వాళ్లిచ్చిన ఫ్లాపీ నాకు చక్కగా వచ్చేది. దాని మీదే దిద్దిన ఫైలు ఎక్కించి పంపిస్తే వాళ్లకి రాదు. "మేడమ్, మీరు ఖాళీ ఫ్లాపీ పంపించారు" అని కబురు. రెండుసార్లు ఆటో ఛార్జీలు తగలేశాక దాని మర్మం తెలిసింది. వాళ్ల డ్రైవు వెడల్పుగా నలభై చుట్లు గీస్తుంది. నాది అదే చోట సన్నగా ఎనభై చుట్లు గీయగలదు. వాకిట్లో నిన్నటి వెడల్పాటి ముగ్గు కడక్కుండా దాని మీదే ఇవాళ సన్న ముగ్గు వేశామనుకోండి. దగ్గరగా చూసే కంటికి కొత్త ముగ్గు కనిపిస్తుంది. దూరాన్నుంచి చూసేవాళ్లకి రెండూ కలిసి అలికేసినట్టుంటుంది. దానికి మందేమిటంటే, ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయని కొత్త ఫ్లాపీ తెచ్చి, నా దాంట్లోనే 360కి ఫార్మాట్ చేసి, అందులో రాసి పంపడం. కడిగిన వాకిలి అన్నమాట. ఆ తర్వాత ఆ ప్రెస్సు నుంచి ఫిర్యాదు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా తమ్ముడు అప్పటికి షికాగోలో వుండేవాడు. 1995 చివర్లో మరదలి పురిటికని అమ్మ వెళ్లింది. ఆరు నెలలు వుంది. మనవడు పుట్టాడు, సంతోషమే. కానీ బయటంతా మంచు, కిటికీ తీస్తే ఇరుగమ్మా లేదు, పొరుగమ్మా లేదు. మాగాయ దగ్గర్నుంచి జున్ను దాకా, పసిపిల్లల కడుపునొప్పి దగ్గర్నుంచి పెళ్లివారి అలకల దాకా రోజుకి నాలుగు కబుర్లు చెప్పందే తోచని మనిషికి అక్కడ వినేవాళ్లేరి? రాత్రిళ్లు పసివాణ్ణి ఒళ్లో వేసుకుని తమ్ముడితో చెప్పేదిట. వాడు విన్నది విన్నట్టు కంప్యూటర్లో కొట్టేవాడు. చదువుకునే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మెకింతోష్ ప్లస్ వాడిది. నెలకొక ఫ్లాపీ చొప్పున నాలుగు ఫ్లాపీలు అయ్యాయి.

తెలుగు అక్షరాలు లేని కంప్యూటర్లో తెలుగెలా కొట్టాడని అడుగుతారేమో. ఇంగ్లీషు అక్షరాల్లోనే. అయితే మనం శుభలేఖ కవరు మీద పేరు రాసినట్టు ఇష్టమొచ్చినట్టు కాదు, దానికో కట్టుబాటు వుంది. చిన్న ఎల్ కొడితే "ల", పెద్ద ఎల్ కొడితే "ళ". చిన్న ఎన్ కొడితే "న", పెద్దదయితే "ణ". తొంభైల మొదట్లో అమెరికాలో చదువుకునే మన తెలుగు కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో ఒకళ్లకొకళ్లు తెలుగులో రాసుకోవడానికి ఏర్పాటు చేసుకున్న పద్ధతి ఇది. ఆర్.టి.ఎస్. అంటారు. అందులో మొదటి అక్షరం రైస్. మన కృష్ణా డెల్టా బియ్యం అనుకునేరు, హ్యూస్టన్‌లో వున్న రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిందది. చూడ్డానికి ఏమీ బాగుండదు, పంటి కింద రాళ్లలా తగులుతుంది. నేనైతే మొదట్లో విసుక్కున్నాను. దాని విలువ ముప్పయ్యేళ్ల తర్వాత తెలిసింది.

1996లో అమ్మ తిరిగొచ్చింది. ఫ్లాపీలు చేతిసంచీలో, చీరల మధ్య. విమానాశ్రయంలో ఎక్స్‌రే పెట్టెలోంచి పోతే చెరిగిపోతాయని ఎవరో భయపెడితే సంచీ ఇవ్వనని కూర్చుందిట. ఎక్స్‌రేతో ఫ్లాపీకి ఏమీ కాదు. దానికి శత్రువు అయస్కాంతం. టేప్ రికార్డరు స్పీకరు పక్కన పెట్టడం, ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మల దగ్గర పెట్టడం, అవీ ప్రమాదాలు.

ఇంటికొచ్చిన రోజు రాత్రే మొదటి ఫ్లాపీ పెట్టాను. మూడున్నర అంగుళాలదే, నా డ్రైవూ అదే. "గర్‌ర్" మని కాసేపు గింజుకుని తెర మీద అడిగింది: ఈ ఫ్లాపీ ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చేయమంటారా?

ఇదీ ఆ ప్రశ్న. ఎంత మర్యాదగా అడుగుతుందో చూడండి! ఫార్మాట్ అంటే రాసిన పలకని తడిగుడ్డతో తుడిచి కొత్తగా గళ్లు గీయడం. మెకింతోష్ గీసిన గళ్లు పీసీకి అర్థం కావు. అర్థం కాలేదని ఒప్పుకోకుండా, అసలు గళ్లే లేవంటుంది. మా వారికి తెలిసిన ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ ఆయన మర్నాడు వచ్చి, "వైరస్ అయ్యుంటుందండీ, ఒకసారి ఫార్మాట్ కొట్టేస్తే సరి" అని మౌస్ మీద చెయ్యి వేశాడు. "ఆగండి ఆగండి, అందులో మా అమ్మ వుంది" అన్నాను. ఆయన నావంక అదోలా చూశాడు. ఫ్లాపీ బయటికి తీసి, వెనక మూల వుండే చిన్న ప్లాస్టిక్ మీట జరిపి చిల్లు తెరిచేశాను. మూడున్నర అంగుళాల దానికి ఆ చిల్లు తెరిచి వుంటే ఇక ఎవరూ రాయలేరు, చెరపలేరు. పాత అయిదుంపావు దానికి తిరకాసు, అంచున వుండే నొక్కుని కాగితంతో మూస్తేనే తాళం వేసినట్టు. మీరు పాత ఫ్లాపీ దేనిలోనైనా పెట్టే ముందు చేయాల్సిన మొదటి పని ఈ తాళమే.

ఆదివారం రాత్రి ఐ.ఎస్.డి. బూత్ నుంచి తమ్ముడికి ఫోను చేశాను. మీటరు పరిగెడుతుంటే వాడు అడిగాడు, "అక్కా, అమ్మమ్మ వాళ్లూళ్లో కుప్పనూర్పిళ్లు గుర్తున్నాయా?"

"ఇప్పుడు నూర్పిళ్లేమిట్రా, నిమిషానికింతని పోతుంటే!"

"విను మరి. కళ్లం మధ్య రాటకి కట్టి పశువుల్ని బంతి తోలతారు. రాట పక్కన తిరిగే ఎద్దుకి చిన్న చుట్టు, చివరి ఎద్దుకి పెద్ద చుట్టు. ఫ్లాపీ అదే కళ్లం. పీసీ వాళ్లు పెద్ద చుట్టయినా చిన్న చుట్టయినా తొమ్మిది వాటాలే వేస్తారు. ఆపిల్ వాళ్లు పెద్ద చుట్టులో చోటెక్కువ కదా అని పన్నెండు వేస్తారు, లోపలికెళ్లే కొద్దీ తగ్గించి ఎనిమిదికి తెస్తారు. అలా కుదరాలంటే డ్రైవు వేగం మారుతుండాలి. నీ డ్రైవుకి ఒకటే వేగం. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా అది చదవదు."

ఆ లెక్క తర్వాత కాగితం మీద వేసుకున్నాను. పీసీ ఫ్లాపీలో ఒక్కో వైపు ఎనభై చుట్లు, చుట్టుకి తొమ్మిది వాటాలు, రెండు వైపులు, వాటాకి అర కె.బి. మొత్తం 720 కె.బి. మెకింతోష్‌ది సగటున చుట్టుకి పది వాటాలు, మొత్తం 800. అదే బిళ్ల మీద ఎనభై కె.బి. లాభం. పీసీ డ్రైవు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, ఎప్పుడూ అంతే. మెకింతోష్ పాత డ్రైవు సుమారు 390 నుంచి 590 దాకా మారుతుంది. పైగా గుర్తులు రాసే పద్ధతి కూడా వేరే. ఇదంతా తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ ఆ ఎనభై కె.బి. లాభానికి మాలాంటి వాళ్లు పడ్డ పాట్లు ఎవరి లెక్కలోనూ లేవు.

"బెజవాడలో ఎవరి దగ్గరైనా కొత్త మెకింతోష్ వుందేమో చూడు. 1988 తర్వాత వచ్చిన వాటిల్లో డ్రైవు రెండు భాషలూ తెలిసిన దుబాసీ" అన్నాడు తమ్ముడు. గవర్నరుపేటలో కేలండర్లు, రంగుల కవర్లు తయారుచేసే ఒకరి దగ్గర వుందని తెలిసి, మధ్యాహ్నం భోజనాల వేళ పని ఆగినప్పుడు వెళ్లాను. ఏసీ గది, చెప్పులు బయట. ఆపరేటరు కుర్రాడు ఫ్లాపీ పెట్టాడు. తెర మీద చిన్న ఫ్లాపీ బొమ్మ, కింద తమ్ముడు పెట్టిన పేరు, "అమ్మ 1". నాకు కళ్లు చెమర్చాయి.

ఫైళ్లు లోపలికి కాపీ చేశాడు. తర్వాత ఆ ఫ్లాపీ బొమ్మని ఈడ్చుకుంటూ పోయి చెత్తబుట్ట బొమ్మలో పడేశాడు! కెవ్వుమన్నాను. అతను నవ్వి, "కంగారు పడకండమ్మా, దీంట్లో ఫ్లాపీ బయటికి రావాలంటే ఇంతే" అన్నాడు. నిజంగానే ఫ్లాపీ తనంతట తాను బయటికొచ్చింది. మెకింతోష్‌కి మనం నొక్కే బొత్తాం వుండదు. ఇంత తెలివైన మనుషులు బయటికి తీయడానికి చెత్తబుట్ట గుర్తు ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అంతుబట్టదు. రెండో ఫ్లాపీ రేకు వంగి లోపల ఇరుక్కుంది. డ్రైవు పక్కన సూది బెజ్జమంత చిల్లు వుంటుంది, అందులో సన్నటి తీగ పెట్టి తిన్నగా నొక్కాలి. ఆ కుర్రాడు పేపరు క్లిప్పు కోసం వెతుకుతుంటే నా తల్లో స్లైడు తీసి, సాగదీసి ఇచ్చాను. వచ్చేసింది.

మెకింతోష్‌లో అప్పటికి పీసీ ఎక్స్చేంజ్ అనే సదుపాయం వచ్చేసింది కాబట్టి, నేను పట్టుకెళ్లిన పీసీ ఫ్లాపీల మీదికి ఫైళ్లు ఎక్కించి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. మర్నాడు ఒక కారియరు గోంగూర పులిహోర పంపించాను.

ఇంటికొచ్చి తెరిస్తే ఇంకో చిక్కు. నోట్‌ప్యాడ్‌లో అమ్మ చెప్పిందంతా ఒకే ఒక్క లైను! కొంగులా సాగిపోతూ, మధ్యమధ్య నల్లటి చుక్కలు. టైపు నేర్చుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లైను చివర మనం రెండు పనులు చేస్తాం, బండిని మొదటికి తోస్తాం, కాగితం ఒక వరస తిప్పుతాం. పీసీ ఆ రెండిటికీ రెండు గుర్తులు రాస్తుంది. మెకింతోష్ మొదటిదొక్కటే రాసి వూరుకుంటుంది. వర్డ్‌లో తెరిచి, మళ్లీ మామూలు టెక్స్ట్‌గా సేవ్ చేస్తే పేరాలన్నీ విడివిడిగా వచ్చాయి. నోట్‌ప్యాడ్ ఈ తేడా నేర్చుకున్నది 2018లో అంటే నమ్ముతారా! ఆ ఫ్లాపీల్లో నేను పెట్టని "ఫైండర్ డాట్" లాంటి ఫైళ్లు కూడా కనిపించి వైరసేమోనని గుండె గుభేలుమంది. అవి మెకింతోష్ తన గుర్తు కోసం దాచుకునేవట.

మూడు ఫ్లాపీలు ఇలా గట్టెక్కాయి. నాలుగోది ఆ దుబాసీ డ్రైవు కూడా చదవలేదు. తమ్ముడిని అడిగితే, తన పాత డ్రైవులో చదివే తల కొంచెం పక్కకి జరిగిపోయిందనీ, చివరి ఫ్లాపీ రాసే నాటికి అది బాగా ముదిరిందనీ చెప్పాడు. ఆ డ్రైవు రాసింది ఆ డ్రైవే చదవగలదు. ఈలోగా ఆ కంప్యూటరు తీసేసి కొత్తది కొన్నాడు. అయిపోయింది.

ఆ నాలుగో ఫ్లాపీలో ఏముందో మాకు తెలుసు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. అమ్మ, పిన్ని అవనిగడ్డ దగ్గర మా వూళ్లో వున్నారు. నేను, తమ్ముడు బెజవాడలో మామయ్య గారింట్లో వుండి చదువుకుంటున్నాం. మమ్మల్ని చూడ్డానికి నాన్న ఆ ముందు రోజే ఇటొచ్చారు. వేల మంది పోయిన ఆ రాత్రి వీళ్లిద్దరూ ఎలా బతికి బయటపడ్డారో అమ్మ మాకెప్పుడూ చెప్పలేదు. నాన్నకీ చెప్పినట్టు లేదు. అడిగితే "ఏదో, దేవుడున్నాడు" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. అలాంటిది షికాగోలో మంచు కురుస్తుంటే, ఒళ్లో మనవణ్ణి పెట్టుకుని మూడు రాత్రులు చెప్పిందిట. ఫ్లాపీ రాలేదంటే "పోన్లే అమ్మాయ్, ఎప్పుడైనా మళ్లీ చెబుతాలే" అంది. తమ్ముణ్ణి అడిగితే "వింటూ కొట్టడమే, నా బుర్రలో ముక్కలు ముక్కలుగా వుంది" అన్నాడు. 2004లో అమ్మ పోయింది.

వచ్చిన మూడు ఫ్లాపీల సంగతులు నేను మళ్లీ తెలుగులో కంపోజు చేసి, అచ్చు తీసి, కుట్టించి బీరువా కింది అరలో పెట్టుకున్నాను. తర్వాత సింగ్‌నగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి పడింది. కింది వాటాలో గుండెలెత్తు నీళ్లు. పడవలో వెళ్లిపోయి, నీళ్లు తీశాక వచ్చి చూస్తే బీరువా అడుగున కాగితాలన్నీ బురద ముద్ద. అటక మీద బిస్కెట్ల రేకు డబ్బా మాత్రం పొడిగా వుంది. అందులో నేను కంపోజు చేసిన పీసీ ఫ్లాపీలు, అమ్మ తెచ్చిన నాలుగు.

పీసీ ఫ్లాపీలకి ఇప్పటికీ దారి వుంది. ఫోను ఛార్జరులా తీగతో తగిలించుకునే యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవులు దొరుకుతున్నాయి. 1.44 ఎం.బి.వి బాగా చదువుతాయి. 800 కె.బి. మెకింతోష్‌వి చదవవు, అయిదుంపావు అంగుళాలవి అసలు పట్టనే పట్టవు. మన కోస్తా ఉక్కకి లోపలి బిళ్ల మీద తెల్లగా బూజు పడుతుంది. రేకు జరిపి, వెలుతుర్లో తిప్పి చూడండి. బూజుంటే డ్రైవులో పెట్టొద్దు. ఆ ఫ్లాపీతో పాటు డ్రైవు తల కూడా పాడై, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని గీకేస్తుంది. తెలిసినవాళ్ల చేత తుడిపించాలి.

నా ఫ్లాపీలు చదివాయి. తెరిస్తే తెలుగు లేదు! ఆ రోజుల్లో తెలుగు ఫాంటు అంటే ఇంగ్లీషు అక్షరాల గళ్లలో మన ఒత్తులు, గుణింతాలు ముక్కలు ముక్కలుగా సర్దిపెట్టడమే. ఏ కంపెనీ సర్దుబాటు ఆ కంపెనీదే. ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. పేజ్‌మేకరు చూస్తే 2001 తర్వాత కొత్త కూర్పే రాలేదు. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకి చోటిచ్చారు, అది మన ఇళ్లలోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో నాలాంటి వాళ్లం ఎన్ని వేల పేజీలు కొట్టివుంటామో! పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గానీ మా ఫాంటుకి సగం ఒత్తులు తారుమారయ్యాయి. "కొబ్బరి" అన్నచోట ఏమొచ్చిందో ఇక్కడ రాయకూడదు.

అప్పుడు మేనల్లుడు పూనుకున్నాడు. ఎవరి పురిటికైతే అమ్మ షికాగో వెళ్లిందో ఆ పిల్లవాడే. మొన్న సంక్రాంతికి వస్తూ అరచేతిలో ఇమిడే ఒక సర్క్యూటు బోర్డు తెచ్చాడు. గ్రీజ్‌వీజిల్ అట దాని పేరు. పాత సామాన్ల కొట్టులో మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవు ఒకటి కొనుక్కొచ్చి దానికి తగిలించాడు. "ఆపిల్ ఫ్లాపీని పీసీ డ్రైవు చదవదని మీ నాన్నే చెప్పాడు కదరా" అంటే, "ఇది చదవదు అత్తా, వింటుంది" అన్నాడు. బిళ్ల మీద అయస్కాంతం ఎక్కడెక్కడ మారుతోందో అదంతా, అర్థంతో పనిలేకుండా, క్షణంలో ఎన్నో వంతు తేడాతో సహా రాసేసుకుంటుంది. వేగం ఒకటే అయినా పర్వాలేదు. అది ఆపిల్ పద్ధతా, పీసీ పద్ధతా అనే అర్థాలు తర్వాత ప్రోగ్రాం తీరిగ్గా తీస్తుంది. ఆ ప్రోగ్రాం ఉచితం. మొదటి మూడూ గంటలో వచ్చేశాయి. నాలుగోదానికి రెండు రోజులు కూర్చున్నాడు. డ్రైవు తలని పట్టివుంచే మర వదులు చేసి, వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు జరుపుతూ, ప్రతిసారీ విన్నది దాస్తూ, అన్నీ కలిపి చూశాడు. 1,600 వాటాల్లో 1,598 వచ్చాయి.

అవి తెరిచాక చూడాలి. ఫాంటు లేదు, కూర్పు లేదు, మామూలు ఇంగ్లీషు అక్షరాలు. నేను ఒకప్పుడు విసుక్కున్న ఆ రాళ్ల తెలుగే! "లేఖిని" అని ఒక పేజీ వుంది, అందులో ఆ పద్ధతిలో కొడితే పక్కన తెలుగు వస్తుంది. మేనల్లుడు అమ్మ మాటలన్నీ అందులో పోస్తే, ఒక్క ఒత్తు కూడా పోకుండా తెలుగై కూర్చున్నాయి. ఎంత సోకుగా కంపోజు చేశానో నా పేజీలు గల్లంతయ్యాయి, వాడి నాన్న పరధ్యానంగా కొట్టినవి నిలిచాయి.

రాని రెండు వాటాలు చెరో చోట పడ్డాయి. వాటా అంటే 512 అక్షరాలు, అంటే తెలుగులో ఆరేడు లైన్లు. ఒకటి మాగాయలో, సరిగ్గా మెంతిపిండి పాళ్ల దగ్గర. దానికి పెద్ద బాధ లేదు, మరదలూ నేనూ వీడియో కాల్‌లో పోట్లాడుకుని తేల్చుకున్నాం. ఇంకోటి ఉప్పెన దగ్గర. ఆ రాత్రి సంగతి అమ్మ ఇలా చెబుతోంది: "నీళ్లు మెల్లిగా రాలేదురా, గోడ లేచొచ్చినట్టు వచ్చినయ్. నేనూ చెల్లీ బడి మేడ మీదికి ఎక్కేసరికి అక్కడ అప్పటికే పదిమంది దాకా వున్నారు. వాళ్లల్లో." అంతే. ఆరేడు లైన్లు ఖాళీ. తర్వాత మొదలయ్యేది: "తెల్లారి చూస్తే వాడి చేతిలో ఆ గిన్నె అట్లానే వుంది. ఎవరం ఏమీ అనలేదు."

ఎవరు వాడు, ఏమిటా గిన్నె?

పిన్నికిప్పుడు ఎనభై దాటాయి, గుడివాడలో కొడుకు దగ్గర వుంటోంది. కనుమ మర్నాడు మేనల్లుడూ నేనూ వెళ్లాం. వాడు ఫోనులోంచి చదువుతుంటే కళ్లు మూసుకుని వింది. ఆ ఖాళీ వచ్చి వాడు ఆగగానే, ఎవరూ అడక్కుండానే అందుకుంది. వాడు ఎదురింటి వాళ్ల మూడోవాడట, తొమ్మిదేళ్లుంటాయి. సాయంత్రం పాలు తెమ్మని వాళ్లమ్మ పంపిస్తే గాలికి తిరిగి ఇంటికి వెళ్లలేక బడిలో దూరాడు. రాత్రంతా ఆ పాలు ఒలకకుండా పొట్టకి ఆనించి పట్టుకుని కూర్చున్నాడు. ఎవరు అడిగినా ఇవ్వలేదు, వాళ్లమ్మకేనన్నాడు. తెల్లారాక చూస్తే ఎదురిల్లు లేదు. ఇల్లే కాదు, ఆ వరసే లేదు. మీ అమ్మ వాణ్ణి మూడు రోజులు చంకన వేసుకుని తిరిగింది, తర్వాత వాళ్ల మేనమామ వచ్చి తీసుకెళ్లాడు, అని చెప్పి కాసేపు ఆగి, "అది గిన్నె కాదు, చెంబు. ఇత్తడి చెంబు. మీ అమ్మకి మొదట్నుంచీ ఇదే, ఏదీ సరిగ్గా చెప్పదు" అంది.

మేనల్లుడు పిన్ని చెప్పిందంతా అక్కడికక్కడే వాళ్ల నాన్న పద్ధతిలోనే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకున్నాడు. ఈ ఉగాదికి అన్నీ కలిపి మళ్లీ అచ్చు తీయించాం. పిన్ని మాటలు ఆ ఖాళీలో కాస్త పక్కకి వాలిన అక్షరాల్లో వేశాం. చెంబు దగ్గర మాత్రం ఎటూ తేలక, అమ్మ చెప్పిన చోట గిన్నె, పిన్ని చెప్పిన చోట చెంబు అనే వుంచేశాం.